గుట్ట మీద మొదలుపెట్టి చెరువులో ముగించాలి
శంషాబాదు ప్రాంతంలో నేలను, నీటిని బాగుచేసే కూలి బృందాలను నడిపే మేస్త్రులకు కొన్ని సూచనలు

"నీరు పల్లమెరుగు" అన్నారు పెద్దలు. నీటికి పల్లము తెలిసినట్లుగా, నీటిని నిలిపే పనికి పూనుకొన్న మనిషికి మెరక తెలిసి ఉండవలెను. ఏ గుట్ట మీద పడిన వాన ఏ ఒర్రెలో దిగుతుంది, ఆ ఒర్రె ఏ వాగులో కలుస్తుంది, ఆ వాగు ఏ చెరువును నింపుతుంది అన్న సంగతి తెలియకుండా ఎన్ని గడ్డపారలు, ఎన్ని తట్టలు తెచ్చి పనిచేయించినా ఆ శ్రమ ఒక్క వానకు కొట్టుకొనిపోతుంది. ఇరవై మంది కూలీల చెమట నిలవడమూ, వృథాపోవడమూ చాలవరకు వారిని నడిపే మేస్త్రి చేతిలో ఉన్నది. అందువలన ఈ వ్యాసం ముఖ్యంగా మేస్త్రిని ఉద్దేశించినది. ఆ మేస్త్రికి పని అప్పగించే గ్రామాధికారులు, ఎవరి పొలం పైన ఆ పని జరుగుతుందో ఆ రైతు సోదరులు కూడా దీనిని చదువవలెనని కోరిక.

శంషాబాదు నేల స్వభావం

రంగారెడ్డి జిల్లా శంషాబాదు ప్రాంతం దక్కను పీఠభూమిలోనిది. ఎక్కడ చూచినా రాతిగుట్టలు, వాటి వాలులో ఎర్ర చల్క నేలలు, పల్లంలో కుంటలు, చెరువులు కనిపిస్తాయి. చల్క నేల పైపొర పలుచన. దాని కింద మొరం, మొరం కింద రాయి. వానలలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడతాయి. అవి కూడా సమంగా పడవు. పది రోజులు చినుకు లేక, పదకొండవ రోజు ఒక్క జాములో కుండపోతగా కురియడం ఇక్కడి రైతుకు అనుభవమే. అట్టి వానకు గడ్డి, పొద లేని వాలుపై నీరు ఇంకదు. పరుగెత్తుతుంది. పరుగెత్తుతూ ఏండ్ల తరబడి పేరుకొన్న పైమట్టిని తనతో తీసుకుపోతుంది. ఆ మట్టి చెరువులో పూడికగా చేరుతుంది. అనగా ఒకే వాన పై రైతుకు పొలాన్ని, కింది రైతుకు చెరువును ఒక్కసారే పాడుచేస్తుందన్నమాట.

ఈ మండలం పడమటి భాగాన పడిన వాన నీరు హిమాయత్‌సాగర్ వైపు పోతుంది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది వరద హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలననుసరించి రెండు జలాశయాలు కట్టబడినవి. మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ వాగు మీది హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. వరదను ఆపడమే గాక, నగరానికి తాగునీరు ఇచ్చిన జలాశయాలివి. వీటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడుటకు ప్రభుత్వం 1996 మార్చి 8వ తేదీన 111వ నంబరు ఉత్తర్వు జారీచేసి 84 గ్రామాలలో కాలుష్యం కలిగించే పరిశ్రమలపైన, పెద్ద కట్టడాలపైన ఆంక్షలు పెట్టినది. ఆ గ్రామాలలో పెక్కు శంషాబాదు మండలానివి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను షరతులతో సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడినది. ఉత్తర్వులు మారవచ్చును. గుట్ట మీది నీరు దిగే దారి మాత్రం మారదు.

2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ ప్రారంభమైనది. బాహ్య వలయ రహదారి వచ్చినది. గోదాములు, ఇండ్ల స్థలాలు పెరిగినవి. సిమెంటు, తారు కప్పిన నేల నీటిని తాగదు. ఒకప్పుడు నేల తాగిన నీరంతా ఇప్పుడు పల్లానికి త్వరగా, ఎక్కువగా వచ్చిపడుతుంది. ఆ నీటిని తట్టుకోవలసిన చెరువులేమో పూడికతోను, ఆక్రమణలతోను కుంచించుకుపోయినవి.

దీని ఫలితం 2020 అక్టోబరులో కండ్లకు కట్టినది. ఆ నెల 13వ తేదీన కురిసిన భారీ వర్షానికి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు కట్ట తెగి, బెంగుళూరు జాతీయ రహదారి మీద నీరు ఏరులా పారినది. వాహనాలు కొట్టుకొనిపోయినవి, రోడ్డు కోసుకుపోయినది, ప్రాణనష్టం జరిగినది. చెరువు కట్ట అంటే మట్టిదిబ్బ కాదు, దాని కింద నివసించే వారి ప్రాణాలకు కాపలా అని ఆ రాత్రి తెలియజెప్పినది. అందుచేత ఈ ప్రాంతంలో కూలి బృందాన్ని నడిపే మేస్త్రి చేస్తున్నది కేవలం మట్టిపని అని ఎవరూ తేలికగా తీసుకోరాదు.

జిల్లాలోనే ఒక ఉదాహరణ

ఈ పని ఫలిస్తుందా అని సందేహించేవారికి దూరం పోనక్కరలేదు. మన రంగారెడ్డి జిల్లాలోనే శంకర్‌పల్లి మండలంలో కొత్తపల్లి గ్రామం ఉన్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలు, గ్రామస్థులు కలిసి 1999లో అక్కడ సుమారు 465 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను అభివృద్ధి చేయ మొదలుపెట్టినారు. ఒర్రెలకు అడ్డుకట్టలు వేసినారు. చెక్‌డ్యాములు కట్టినారు. ఎండిన బావులలోకి వాన నీరు మళ్లించినారు. పొలం గట్ల మీద గ్లైరిసీడియా పెంచి దాని ఆకును పచ్చిరొట్టగా వాడినారు. బావులలో నీటిమట్టం పెరిగినది, దిగుబడులు పెరిగినవి. దేశ విదేశాల నుంచి వచ్చి ఆ గ్రామాన్ని చూచి వెళ్లినారు.

ఇట్టి పనులకు దేశమంతటా ఒక పద్ధతి ఏర్పడుటకు తెలుగువారైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం కారణం. ఆ సంఘం సిఫారసుల మీద 1994లో వచ్చిన మార్గదర్శక సూత్రాలు సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ఒక పని క్షేత్రంగా తీసుకొని, ప్రజల భాగస్వామ్యంతో పనులు చేయవలెనని చెప్పినవి. పనికి సరిహద్దు సర్వే నంబరు కాదు, నీరు పారే హద్దు అన్నదే దీని సారాంశం. తర్వాత 2006 నుంచి గ్రామీణ ఉపాధి హామీ కింద రంగారెడ్డి జిల్లాలో కందకాలు, నీటికుంటలు, పూడికతీత పనులు జరిగినవి. కూలీలు శ్రమశక్తి సంఘాలుగా ఏర్పడి మేటు ఆధ్వర్యంలో పనిచేసినారు. తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో ప్రారంభించిన మిషన్ కాకతీయలో చెరువుల పూడికను రైతులు తమ పొలాలకు తోలుకొన్నారు. పథకాల పేర్లు, చట్టాలు మారుతుంటాయి. గడ్డపార పట్టిన చేతికి సరియైన చోటు చూపించే మనిషి అవసరం ఏ పథకంలోనైనా ఉంటుంది.

ముందు నడక, తర్వాత తవ్వకం

మేస్త్రి మొదటి పని తవ్వించడం కాదు, నడవడం. పని మొదలుపెట్టుటకు ముందు గుట్ట కొన నుంచి చెరువు మత్తడి దాకా ఒకసారి కాలినడకన దిగవలెను. వెంట ఆ ఊరి పాత మనుషులను ఒకరిద్దరిని తీసుకుపోవడం మంచిది. వెనుక చెరువు నీటిని పంచిన నీరటి కుటుంబంవారు గాని, పశువులు, మేకలు మేపేవారు గాని దొరికితే మరీ మంచిది. మ్యాపులో కనపడని ఒర్రెలు వారికి తెలుసు. మాట సాగవలసిన తీరు ఇట్లుంటుంది:

"అవ్వా, ఈ కుంటకు నీళ్లు ఏ దిక్కుకెళ్లి వస్తయి?"

"ఆ బోడు మీదికెళ్లి వస్తుండె బిడ్డా. నడుమ రోడ్డు పోసిండ్రు. అప్పటిసంది నీళ్లు అవతలికే పోతున్నయి."

"రోడ్డు కింద తూము పెట్టలేదా అవ్వా?"

"పెట్టిండ్రు గని, మట్టితోటి పూడింది. ఎవలు తీస్తరు?"

ఈ నాలుగు మాటలు విన్న మేస్త్రి కుంటలో పూడిక తీయించడానికి ముందు రోడ్డు కింది తూమును శుభ్రం చేయిస్తాడు. వినని మేస్త్రి నీరు రాని కుంటను నెల రోజులు తవ్విస్తాడు. ఇద్దరి మస్టరులోను కూలి ఒకటే పడుతుంది. వానకాలం తర్వాత చూస్తే ఒక కుంటలో నీరుంటుంది, మరొక కుంటలో ఉండదు.

ఈ నడకలో మూడు సంగతులు రాసుకోవలెను. మొదటిది, నీరు ఎక్కడ వేగం అందుకొంటున్నది. రెండవది, ఎక్కడ నేల కోసుకుపోతున్నది. మూడవది, ఎవరి పట్టా భూమి, ఏది ప్రభుత్వ భూమి, ఏది చెరువు శిఖం. మూడవ సంగతిలో సందేహముంటే రెవెన్యూ, నీటిపారుదల శాఖలవారిచేత హద్దులు, పూర్తి నీటిమట్టం గుర్తులు పెట్టించుకొన్న తర్వాతనే గడ్డపార దింపవలెను. హద్దు తగాదాలో కూలీలను ముందు నిలబెట్టడం ఏ మేస్త్రికీ తగదు. విమానాశ్రయం, వలయ రహదారి పరిసరాలలో భూమిలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు పోయి ఉంటాయి. సంబంధిత శాఖలను అడిగి తెలుసుకోకుండా అక్కడ ఒక్క గుంత కూడా తవ్వించరాదు.

పై నుంచి కిందికి

పనుల వరుస ఇది: మొదట గుట్ట మీద, వాలులో కందకాలు. పిదప ఒర్రెలలో రాళ్లకట్టలు. ఆ తర్వాత పొలం గట్లు, నీటికుంటలు. చివరకు చెరువు పూడిక, కట్ట మరమ్మతు. ఈ వరుస తిరగబడితే ఏమవుతుంది? పైన ఏ అడ్డూ లేకుండా కింద చెరువులో పూడిక తీస్తే, మరునాటి వానకే పైమట్టి మళ్లీ వచ్చి చేరుతుంది. కింద చెక్‌డ్యాము కట్టి పైన ఒర్రెను వదిలివేస్తే, వరద వేగానికి చెక్‌డ్యాము పక్కలు కోసుకుపోతాయి. చెరువు దగ్గరి పని అందరికీ కనిపిస్తుంది, గుట్ట మీది పని ఎవరికీ కనిపించదు. అందుచేత మొదట చెరువు పనే పెట్టుమని ఊరిలో వత్తిడి వస్తుంది. మేస్త్రి, గ్రామాధికారులు కలిసి గ్రామసభలో ఈ సంగతి నచ్చచెప్పి పై పనికి ఒప్పించవలెను. అయితే కట్టకు గండిపడే ప్రమాదమున్న చోట మాత్రం ఈ వరుస కోసం ఆగరాదు. ఇంజనీరుకు తెలియజేసి కట్టనే ముందు బాగుచేయవలెను.

సమమట్టం కనుగొనే చట్రం

కందకం వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో పోవలెను. మట్టం తప్పితే కందకమే కాలువగా మారి, నీరంతా ఒక మూలకు చేరి అక్కడ గండి పెడుతుంది. మట్టం చూచుటకు ఖరీదైన సాధనం అవసరం లేదు. మూడు కర్రలు, ఒక దారం, ఒక రాయి చాలును.

సుమారు రెండు మీటర్ల పొడవుగల రెండు సమానమైన కర్రలను పైకొనల వద్ద కలిపి కట్టి, కాళ్లు ఎడంగా ఉంచి, నడుమ ఒక అడ్డకర్ర బిగించవలెను. ఇంగ్లీషు 'ఎ' అక్షరం వలె ఉంటుంది. పైకొన నుంచి దారం కట్టి, దాని చివర రాయి వేలాడదీయవలెను. రాయి అడ్డకర్రకు దిగువన ఉండవలెను. చట్రాన్ని నేల మీద నిలిపి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టవలెను. తర్వాత రెండు కాళ్ల స్థానాలు మార్చి, మొదటి కాలు ఉన్న చోట రెండవది, రెండవది ఉన్న చోట మొదటిది పెట్టి, మరల గీత పెట్టవలెను. ఈ రెండు గీతలకు సరిగా నడిమి గుర్తు మట్టపు గుర్తు అవుతుంది. ఇక వాలు మీద చట్రాన్ని ఒక కాలు కదలకుండా, రెండవ కాలు తిప్పుతూ, దారం నడిమి గుర్తు మీదికి వచ్చినప్పుడల్లా ఒక మేకు పాతుతూ పోవలెను. ఆ మేకుల వరుసే కందకం గీత. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు దారం నిలవదు కనుక ఈ పని ఉదయం పూట చేయడం మేలు.

ఈ చట్రం పట్టడం మేస్త్రి ఒక్కడికే తెలిస్తే చాలదు. బృందంలో కనీసం నలుగురికి, వారిలో ఇద్దరు స్త్రీలకు నేర్పవలెను. మేస్త్రి రాని నాడు కూడా పని సరిగా సాగడమే మంచి మేస్త్రికి గుర్తు.

కందకం లెక్క

నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల కందకం సరిగా ఒక ఘనపు మీటరు. అందులో వెయ్యి లీటర్ల నీరు పడుతుంది. ఒక హెక్టారు నేల మీద నుంచి ఒక సెంటీమీటరు మందం నీరు పారితే అది నూరు ఘనపు మీటర్లు, అనగా లక్ష లీటర్లు. హెక్టారుకు ఇట్టి కందకాలు నూరు తీస్తే ఆ లక్ష లీటర్లూ గుట్ట మీదనే నిలిచి ఇంకుతాయి.

ఇప్పుడు లోతు అర మీటరుకు బదులు 40 సెంటీమీటర్లే తవ్వినారనుకొందాం. చూపుకు తేడా తెలియదు. కాని నూరు కందకాలలో ప్రతి మంచి వానకు ఇరవై వేల లీటర్లు తగ్గిపోతాయి. అందువలన మేస్త్రి చేతిలో అర మీటరుకు గుర్తు పెట్టిన కొలకర్ర ఎప్పుడూ ఉండవలెను.

కందకాలను ఒకదాని కింద ఒకటి గాక, పై వరుసలో ఖాళీ వచ్చిన చోట కింది వరుసలో కందకం వచ్చేటట్లు తీయించవలెను. తవ్విన మట్టిని దిగువ వైపు వేయవలెను. కందకం అంచుకు, మట్టికట్టకు నడుమ కనీసం 30 సెంటీమీటర్ల చోటు వదలవలెను. లేనియెడల మట్టి జారి మళ్లీ కందకంలోనే పడుతుంది.

రాళ్లకట్టలు

ఒర్రెలో రాయి పేర్చడం చూడటానికి తేలిక, చేయడంలో మెలకువ ఉన్నది. అడుగున, ఒర్రె రెండు పక్కల ఒడ్డులలోను గుంత తీసి పునాది రాళ్లను లోపలికి చొప్పించవలెను. పెద్ద రాళ్లు అడుగున, దిగువ వైపున. చిన్న రాళ్లు సందులలో, ఎగువ వైపున. కట్ట నడిమి భాగం పక్కలకంటె తక్కువ ఎత్తు ఉండవలెను. నడుమ ఎత్తై పక్కలు పల్లమైతే, వరద పక్కలను కోసి కొత్త దారి చేసుకొంటుంది. కింది కట్ట తల, పై కట్ట పాదంతో సమమట్టంలో ఉండేటట్లు దూరం పెట్టుకోవలెను. వాలు ఎక్కువైతే కట్టలు దగ్గరగాను, తక్కువైతే దూరంగాను వస్తాయి.

చెరువు, కట్ట, పూడిక

కట్ట మరమ్మతులో మొదట గడ్డి, వేళ్లు, వదులు మట్టి తీసివేయవలెను. ఎండ్రకాయ, ఎలుక బొరియలను కనుగొని చివరి దాకా తవ్వి, మంచి మట్టితో నింపవలెను. కొత్త మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, గడ్డలు పగులగొట్టి, నీరు చల్లి, దిమ్మిసతో గట్టిపరచవలెను. ఒక్కసారే ఎత్తుగా పోసిన మట్టి వానకు కుంగుతుంది. మత్తడి ఎత్తు పెంచడం, తగ్గించడం ఇంజనీరు చెప్పనిదే ఎన్నడూ చేయరాదు. మత్తడికి అడ్డంగా మట్టిగాని, సంచులుగాని పెట్టి నీరు నిలపడం కట్టకు గండి కొట్టడంతో సమానం.

కట్ట మీద సర్కారు తుమ్మ మొలిస్తే లేతగా ఉన్నప్పుడే వేరుతో తీయవలెను. పైకి నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. పెద్ద చెట్లయినవాటిని తొందరపడి పెకలించరాదు. వేరు కుళ్లిన చోట సందు ఏర్పడి నీరు ఊరుతుంది కనుక ఇంజనీరు సలహా మీదనే తీయించవలెను.

పూడిక తీసేటప్పుడు కట్ట పాదం దగ్గర తవ్వరాదు. అక్కడ తవ్వితే కట్టకు ఆధారం పోతుంది. ఒకే చోట లోతైన గుంత చేయక, సమంగా తీయవలెను. చెరువు మట్టి చల్క నేలకు మంచి బలం. అయితే పరిశ్రమల నీరు, మురుగు చేరే చెరువుల పూడికను పరీక్ష చేయించకుండా పొలానికి తోలరాదు. గుర్రపు డెక్కను నీటిలో తుంచి వదలక ఒడ్డుకు చేర్చి, మళ్లీ నీటిలో పడనంత దూరంలో వేయవలెను.

విమానాశ్రయం దగ్గర ప్రత్యేక జాగ్రత్త ఒకటి ఉన్నది. కుళ్లే చెత్త, కళేబరాలు ఉన్న చోట గద్దలు, కొంగలు మూగుతాయి. పక్షులు విమానాలకు తగిలితే పెద్ద ప్రమాదం. అందుకే విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు అట్టివాటిని ఆరుబయట పారవేయుట విమానయాన నిబంధనల ప్రకారం నిషేధం. తీసిన కలుపును, చెత్తను తగులబెట్టి పొగ చేయడం కూడా తగదు. గుంతలో వేసి కంపోస్టు చేయడమే మేలైన దారి.

మొక్కలు, గడ్డి

తవ్వకం మృగశిర కార్తెకు ముందు ముగియవలెను. నేల బాగా నానిన తర్వాత, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో మొక్కలు నాటవలెను. ఈ నేలకు అలవాటైన కానుగ, వేప, సీతాఫలం, మోదుగ, ఈత వంటివి తక్కువ నీటితో బ్రతుకుతాయి. కందకం కట్ట మీద స్టైలో గడ్డి విత్తనం చల్లితే మట్టి నిలుస్తుంది, పశువులకు మేత దొరుకుతుంది. పొలం గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు, ఒర్రె ఒడ్డున వట్టివేరు, గుట్ట అంచున కిత్తనార పెట్టవచ్చును.

గుట్ట మీది సర్కారు తుమ్మను, వయ్యారిభామను ఒకేసారి అంతా తీసివేసి నేలను బోడి చేయరాదు. ఈ సంవత్సరం నాటగలిగినంత మేరకే తీసి, నాటి, కాపాడి, మరుసటి సంవత్సరం తక్కినది తీయవలెను. నాటిన రోజు ఫోటోలో వేయి మొక్కలు ఉండటం గొప్ప కాదు. మూడవ వేసవి దాటిన తర్వాత ఎన్ని బ్రతికినవి అన్నదే లెక్క. అందువలన మేకల కాపరులను విరోధులుగా చూడక, మేతకు కొంత గుట్ట వదిలి, వారితోనే కాపలా మాట కుదుర్చుకోవలెను.

కొలత నిజమైతే బృందం నిలుస్తుంది

ఇంతవరకు మట్టి సంగతి చెప్పినాము. ఇక మనుషుల సంగతి. కూలి తక్కువ పడినదని ఒక్కరోజు మనసు విరిగితే మరునాడు సగం మంది రారు. సగం తవ్విన కందకం మీద వాన పడితే తవ్వినదీ పోతుంది. కూలి తగ్గడానికి పెక్కుసార్లు కారణం కూలీల బద్ధకం కాదు, కొలతలో పొరపాటు. గట్టి మొరాన్ని మెత్తటి మట్టిగా రాసినా, తట్ట మోసిన దూరాన్ని, ఎత్తిన ఎత్తును రాయకపోయినా కూలి తగ్గుతుంది. పొద్దున గడ్డపార దింపగానే నేల ఎట్టిదో చూచి రాయడం మేస్త్రి విధి. పెద్ద గుంతలలో కొలతకు ఆనవాలుగా నడుమ మట్టిదిబ్బలు వదిలి, అధికారి కొలిచిన తర్వాతనే తీయవలెను.

ప్రతి సాయంత్రం లేదా పని విడిచే వేళ అందరి ముందు కొలిచి, గట్టిగా చదివి వినిపించవలెను. చదువురానివారు కూడా తమ లెక్క చెవితో వినవలెను. ఒకే జంటకు ఎప్పుడూ రాతినేల, మరొక జంటకు ఎప్పుడూ మెత్తటి నేల రాకుండా వంతులు మార్చవలెను. ఇంట్లో చుట్టమని, ఒకే వాడకట్టువారని పక్షపాతం చూపిన మేస్త్రి మాట మూడవనాటికి ఎవరూ వినరు. పనికి రానివారి పేరు మస్టరులో రాయడం, వచ్చినవారి పేరు మరచిపోవడం రెండూ దొంగతనమే.

ముసలివారు, గర్భిణులు, బాలింతలు వస్తే వారిని పొమ్మనక నీరందించడం, మొక్కల సంచులు సర్దడం, పిల్లలను చూడటం వంటి పనులు అప్పగించవలెను. గడ్డపార మగవారికి, తట్ట ఆడవారికి అని గీత గీయనవసరం లేదు. రాళ్లు పేర్చడంలో, మట్టం చూడటంలో స్త్రీలు ఎందరో నేర్పరులు.

ఎండ, పాము, మట్టిపెళ్ల

వేసవిలో తెల్లవారుజామునే పని మొదలుపెట్టి ఎండ ముదరకముందే విడవవలెను. నీడ, చల్లటి తాగునీరు, ఉప్పు, చక్కెర కలిపిన నీరు లేదా ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ప్రథమ చికిత్స పెట్టె లేకుండా పని ప్రారంభించరాదు. మనిషి తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ అని గ్రహించి వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసరుతూ 108కి కబురు చేయవలెను. స్పృహ లేని మనిషి నోట నీరు పోయరాదు.

రాయి తిరగేసేటప్పుడు చేయి పెట్టక, ముందు గడ్డపారతో కదిలించవలెను. పాము కరిస్తే కాటును కోయరాదు, తాడు బిగించరాదు, నాటుమందు కోసం కాలం గడపరాదు. కరిచిన కాలును, చేతిని కదలనీయక తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను. లోతు గుంతలలో పక్కగోడను అడుగున తొలిచి పైమట్టిని పడగొట్టే అలవాటు చాలా ప్రమాదకరం. మెట్లు మెట్లుగా తవ్వించవలెను. ఎవరి ఇంటి మనిషి వారి ఇంటికి సాయంత్రం క్షేమంగా చేరితేనే ఆ రోజు పని పూర్తి అయినట్లు.

మొదటి వాన పరీక్ష

తొలకరి కురిసిన రోజు మేస్త్రి ఇంట్లో కూర్చోరాదు. ఉరుములు, మెరుపులు తగ్గగానే గొడుగు, పార పట్టుకొని మళ్లీ గుట్ట నుంచి చెరువు దాకా నడవవలెను. ఏ కందకం నిండినది, ఏది పొంగినది, ఏ రాళ్లకట్ట పక్కన నీరు దారి చేసుకొన్నది, మత్తడి దగ్గర ఏమి అడ్డుపడినది అన్నవి ఆ రోజే తెలుస్తాయి. ఆనాడు ఒక తట్ట మట్టితో మూసే రంధ్రం, మరునెలలో వంద తట్టలతో మూయబడదు. చూచినదానిని పుస్తకంలో రాసి పంచాయతీకి, ఇంజనీరుకు తెలియజేయవలెను. పక్క ఊరి మేస్త్రికి కూడా చెప్పవలెను, ఎందుకనగా ఇక్కడి మత్తడి పొంగితే ఆ నీరు పోయేది వారి చెరువుకే.

రైతు సోదరులారా! మీ పొలం పైన గుట్ట మీద పది మంది గడ్డపారలు పట్టుకొని కనిపిస్తే, అది ఎవరిదో పని అని దాటిపోకండి. మీ బావిలో ఊట, మీ గట్టు మట్టి, మీ ఊరి చెరువు కట్ట ఆ గీతల మీద ఆధారపడి ఉన్నవి. దగ్గరకు వెళ్లి, మేస్త్రిని పలకరించి, మీకు తెలిసిన ఒర్రె, మీ తాత చెప్పిన మత్తడి ఎక్కడిదో చెప్పండి. గ్రామాధికారులు మేస్త్రిని ఎంచుకొనేటప్పుడు గట్టిగా అరిచేవానిని గాక, ఓపికతో నడిచేవారిని, నిజంగా కొలిచేవారిని ఎంచుకోండి. గుట్ట మీద నీరు నిలిస్తే వరద రోజున చెరువు మీద భారం తగ్గుతుంది. చెరువు కట్ట నిలిస్తే దాని కింద ఇండ్లలోనివారు నిశ్చింతగా నిద్రపోతారు.